పొద్దున వాక్యం, పగలు ఉల్లిపాయలు

నేను ఒక చేతి మైకుని. ముందు గొట్టం మూతి, వెనక పిడి, పిడి మీద రెండు మీటలు, భుజానికి తగిలించుకోవడానికి ఒక పటకా. అంతే నా శరీరం. ఒకప్పుడు తెల్లగా ఉండేదాన్ని. ఇప్పుడు నా రంగేమిటని అడిగితే నేనే ఆలోచించాలి. మూతి పగిలినచోట సైకిల్ ట్యూబు ముక్కతో కట్టు కట్టారు. ఉల్లిపాయల వాసన నాలో ఎంత ఇంకిపోయిందంటే, దేవుడి మాట చెబుతున్నప్పుడు కూడా అదే వాసన వచ్చేది. ముందే చెప్పేస్తున్నాను, నేను బాగా అలసిపోయి ఉన్నాను. జన్మంతా అరవడమే పనైనదాన్ని. మీ దగ్గరైనా కాస్త మెల్లగా మాట్లాడనివ్వండి.

ఢిల్లీలో ఎక్కడో ఒక ఇరుకు సందులో నా ముక్కలన్నీ కలిపి బిగించారు. బిగించినవాడు మీట నొక్కి, నా వెనక నోరు పెట్టి, "హలో, హలో" అన్నాడు. నా జీవితంలో విన్న మొదటి మాట అదే. ఆ తర్వాత ఎన్ని చేతులు మారినా, నన్ను పట్టుకున్న ప్రతి మనిషీ మొదట ఆ మాటే అన్నాడు. మైకు దొరికేదాకా మనుషులకి చెప్పాల్సినవి బోలెడు ఉంటాయి. దొరికాక మాత్రం హలో దగ్గరే ఆగిపోతారు.

విజయవాడలో ఒక కొట్టుకి చేరాను. అక్కడినుంచి ఎన్నికల్లోకి. నన్ను కొన్న మనిషి ఒక అభ్యర్థి తరఫున ఊరూరా తిరిగేవాడు. నా నోటితో రోడ్లు వేశాడు, కాలవలు తవ్వాడు, ఆస్పత్రి కట్టాడు. నేను నమ్మాను. కొత్తదాన్ని కదా. ఓట్లు అయిపోయిన మర్నాడు నన్ను జెండా కర్రలతోపాటు ఒక షెడ్డులో పడేశారు. అక్కడ చీకట్లో పడుకుని, ఆ ఆస్పత్రి ఎంతవరకు లేచిందో అని చాలాకాలం ఆలోచించాను.

తర్వాత పుష్కరాలకి ఎవరో వాలంటీర్లు పట్టుకెళ్ళారు. కృష్ణ ఒడ్డున ఒక పందిరి కింద కూర్చుని తప్పిపోయినవాళ్ళ పేర్లు చదవడం పని. ఫలానా పచ్చచీర ముసలమ్మ, ఫలానా ఊరు, ఎక్కడున్నా పందిరి దగ్గరకి రావాలి. నాకు ఆ పని నచ్చింది. పిలిస్తే నిజంగా మనుషులు వచ్చేవాళ్ళు. వచ్చి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, ముందు తిట్టుకుని తర్వాత ఏడ్చేవాళ్ళు. పుష్కరాలు అయిపోయాయి. నన్ను తెనాలిలో ఒక పాత సామాన్ల దుకాణానికి అమ్మేశారు. ఆనందం నన్ను అక్కడే చూశాడు.

ఆనందం రేపల్లెలో తోపుడుబండి మీద ఉల్లిపాయలు అమ్ముతాడు. పేరు ఆనందమే గాని మొహం ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది. అరిచీ అరిచీ గొంతు మండి నన్ను తెచ్చుకున్నాడు. నాలో ఒక నిమిషం మాటలు దాచుకునే సౌకర్యం ఉంది. రెండో మీట అందుకే. ఒకసారి చెప్పి దాచిపెడితే, ఆపేదాకా అదే తిరుగుతూ ఉంటుంది. కొత్తది చెబితే పాతది పోతుంది. మొదటిరోజే ఆయన గొంతు సవరించుకుని, రాగం తీసి పాడేశాడు: "ఉల్లిపాయలమ్మా ఉల్లిపాయలూ, రండమ్మా రండీ, చూసుకోండి, ఏరుకోండీ, ఆలస్యమైతే అయిపోతాయమ్మా!" ఇక ఆయన నోరు మూసుకుని బండి తోసేవాడు. నేను అరిచేదాన్ని. ఏళ్ళ తరబడి అవే మాటలు. మీ ఇంట్లో ఎవరైనా ఒకే మాట రోజుకి వందసార్లు చెబుతుంటే మీకెలా ఉంటుందో చూసుకోండి. నాకు అలాగే ఉండేది. కాకపోతే చెప్పేది నేనే.

ఇది పగటి ఉద్యోగం. తెల్లవారుజామున నాకు ఇంకో ఉద్యోగం ఉండేది. అది ఆనందం భార్య సలోమిది.

సలోమికి పిలుపు వచ్చింది. ఆ సంగతి నేను చూడలేదు, ఆనందం ఎగతాళి చేస్తుంటే విన్నాను. వాళ్ళ చర్చి సంఘంలో ఒకసారి ఉపవాస కూడిక పెట్టారట. బయటినుంచి వచ్చిన బోధకుడు సాయంత్రందాకా మాట్లాడి, చివర్లో, "దేవుడి మాట పదిమందికీ చెప్పడానికి ఎవరు వెళతారు? వెళ్ళేవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడట. గుడి నిండా చేతులు లేచాయి. ప్రార్థన అయింది, చేతులు దిగాయి, ఉపవాసం విడిచి అందరూ పులిహోర తిని ఇళ్ళకి వెళ్ళిపోయారు. సలోమి ఒక్కతే తన చెయ్యి నిజంగా ఎత్తినట్టు లెక్కేసుకుంది. మర్నాడు తెల్లవారకముందే లేచి, ముసుగేసుకుని, వీధిలోకి నడిచింది.

"అందరూ ఎత్తారు గదే. వాళ్ళంతా పడుకునే ఉన్నారు. నీకే ఎందుకే ఈ బాధ?" అని ఆనందం ఇప్పటికీ అంటాడు.

"నన్నే అడిగినట్టుందయ్యా నాకు" అంటుంది ఆమె.

నేను ఆ ఇంటికి వచ్చేసరికే ఆమె చాలాకాలంగా తిరుగుతోంది. నేను దొరికాక నా సాయం తీసుకుంది. బండి కదలకముందు ఆ గంటసేపు నేను ఆమె భుజాన వేలాడేదాన్ని. రైసుమిల్లు వెనక బజారు ఆమెది. అలాగని ఎవరూ ఇవ్వలేదు, ఆమే అనుకుంది. ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తూ చెప్పేది. రెండో మీట ఏనాడూ ముట్టుకోలేదు. దాచిపెట్టిన మాట చద్దిదైపోతుందని ఆమె నమ్మకం. దేవుడి వాక్యం ఏ రోజుది ఆ రోజు వేడిగా నోటినుంచే రావాలట. ఆనందం నవ్వేవాడు. నాకు మాత్రం ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది. పగలంతా నిన్నటి అరుపునే అరిచేదాన్ని, పొద్దున ఆ గంటైనా నాలోంచి కొత్త మాట వచ్చేది.

కొత్త మాటే గాని, వినేవాళ్ళేరీ? బజారులో తలుపులు మూసే ఉండేవి. రిటైరైన మాస్టారు ఒకాయన ఆమె గొంతు వినపడగానే కిటికీ మూసేవారు, రోజూ, ఎంతో క్రమశిక్షణతో. పాలవాడు సైకిలు దిగకుండా పక్కనుంచి పోయేవాడు. కుక్కలు మొదట్లో మొరిగి, తర్వాత మొరగడం కూడా మానేశాయి. సలోమి ఎవర్నీ తిట్టేది కాదు, భయపెట్టేది కాదు. అలసినవాళ్ళని దేవుడు రమ్మంటున్నాడని చెప్పేది. అలా చెప్పే ఆమె గొంతులోనే బోలెడు అలసట ఉండేది. దాన్ని నేను పెద్దది చేసి బజారంతా వినిపించేదాన్ని. నా పని అదే కదా.

వాళ్ళ సంఘంలో ఆదివారం సాక్ష్యాల వేళ అని ఒకటి ఉంటుంది. ఒక్కొక్కరే లేచి దేవుడు తమకేం చేశాడో, తమచేత ఏం చేయించాడో చెబుతారు. గుళ్ళో పెద్ద మైకు పాడైనప్పుడు నన్ను తీసుకెళ్ళేవాళ్ళు, అలా చూశాను. ఒకావిడ తన మాట విని పక్కింటి కుటుంబం మొత్తం మారిపోయిందని చెప్పింది. ఒకాయన రైల్లో ఎదుటి సీటు మనిషికి వాక్యం చెప్పి కన్నీళ్ళు పెట్టించానని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు సలోమి వైపు చూసి, "అమ్మా, నువ్వేమైనా చెబుతావా?" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అడిగారు. సలోమి కొంగు ఇంకాస్త ముందుకి లాక్కుని తల అడ్డంగా ఊపింది. ఏం చెబుతుంది? ఇన్నేళ్ళుగా ఒక్క తలుపు తెరుచుకోలేదని చెబుతుందా?

ఇంటికి వచ్చే దారిలో ఆమె అన్నమాట నాకు గుర్తుంది. "ఏమయ్యా, ఆరోజు నన్నే అడిగాడని నేననుకున్నా. అడక్కుండానే లేచి వచ్చానేమో." ఎగతాళి చేయడానికి కూడా ఆనందానికి మనసొప్పనట్టుంది.

అప్పటినుంచి ఆమెని ఈ అనుమానం తొలుస్తూనే ఉండేది. పిలుపు నిజమైతే ఎన్నేళ్ళైనా నడవచ్చు. నిజం కాకపోతే ఇన్నేళ్ళ తెల్లవారుజాములూ, మోకాళ్ళ నొప్పులూ, మూసుకున్న కిటికీలూ అన్నీ వృథా. ఆమెకి తేలాల్సింది అదొక్కటే. అది తేల్చి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. నేను చెప్పలేను. నాకు వెనక నోరు పెడితే ముందు పలకడం తప్ప ఇంకేమీ రాదు.

ఈలోపు ఆమె గొంతు పోయింది. మొదట బొంగురుపోయింది, తర్వాత మధ్యమధ్య తెగింది, ఒకరోజు బజారు మధ్యలో గాలి తప్ప మాట రాలేదు. ఆ గాలినే నేను పెద్దది చేసి వినిపించాను. తెనాలిలో డాక్టరు చూసి, గొంతులో కాయలు కాశాయనీ, మందులు వాడుతూ కొంతకాలం నోరు తెరవకూడదనీ, తగ్గాక కూడా ఇదివరకటిలా అరిస్తే మాట శాశ్వతంగా పోతుందనీ చెప్పాడు. సలోమి విని తలూపింది. ఇంటికి వచ్చి నన్ను గోడకున్న తన కొక్కేనికి తగిలించలేదు. తీసుకెళ్ళి ఆనందం బండికి తగిలించింది. ఇక నువ్వే ఉంచుకో అన్నట్టు చేత్తో సైగ చేసింది. దేవుడే తన నోరు మూశాడని ఆమె అనుకుందని నాకర్థమైంది. నాకు చాలా బాధేసింది. ఎన్నికల షెడ్డులో పడి ఉన్నప్పుడు కూడా అంత బాధ కలగలేదు.

నోరు మూసుకోవడమైతే మూసుకుంది గాని, తెల్లవారేసరికి లేచి గుమ్మంలో కూర్చునేది. ముసుగు వేసుకునే కూర్చునేది. బజారు వైపు చూసేది. ఆనందం రెండు మూడు వారాలు చూశాడు. ఎగతాళి చేయడానికి లేదు, పోట్లాడటానికి లేదు, ఆమె జవాబు చెప్పదు కదా. చివరికి ఒకరోజు సలోమి నన్ను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. నువ్వు వెళ్ళు అని సైగ.

"నేనా? పిలుపు నీకొచ్చింది, నాకు రాలా. నాకు ఉల్లిపాయల సంగతి తప్ప ఏం తెలుసు?" అన్నాడాయన.

ఆమె నన్ను వెనక్కి తీసుకోలేదు.

"సరే, ఇట్టా చేద్దాం. నేనైతే నలుగురి ముందూ నోరు విప్పలేను. ఒక్క ముక్క దీంట్లో దాచిపెడతా. పొద్దున్నే ఆ బజారులోంచి బండి తోసుకుపోతా, అదే చెప్పుకుంటది. సరేనా?"

దాచిపెట్టిన మాట ఆమెకి ఇష్టం లేదు. అయినా తలూపింది. డాక్టరు మాట పక్కనపెట్టి, ఆయన చెవి దగ్గర మూతి పెట్టి, అందరికీ తెలిసిన ఒక పాత వాక్యం గుసగుసగా చెప్పింది. దాహమైనవాళ్ళు రావచ్చని, చేతిలో డబ్బు లేకపోయినా వచ్చి తీసుకోవచ్చని దాని సారాంశం. ఆనందం రెండుసార్లు మనసులో అనుకుని, గొంతు సవరించుకుని, రెండో మీట నొక్కాడు.

ఆయనకి వచ్చిన రాగం ఒక్కటే. దాంట్లోనే ఎత్తుకున్నాడు.

మర్నాడు పొద్దున ఉల్లిపాయల బండి రైసుమిల్లు వెనక బజారులోకి తిరిగింది. నేను అందుకున్నాను: "రండమ్మా రండీ, దాహమైనవాళ్ళంతా రండీ, డబ్బుల్లేకపోయినా రండీ, ఊరికే తీసుకోండీ, ఆలస్యం చెయ్యకండమ్మా!" చివరి ముక్క వాక్యంలో లేదు. అలవాటుకొద్దీ వచ్చేసింది.

తలుపులు తెరుచుకున్నాయి. ఒకటి కాదు, వరసగా. ఆడవాళ్ళు గిన్నెలతో, చాటలతో, సంచులతో బయటికి వచ్చారు. మజ్జిగ చలివేంద్రం పెట్టారనుకుని చెంబుతో వచ్చినావిడ కూడా ఉంది. మాస్టారు కిటికీ తెరిచి చూశారు. ఇన్నేళ్ళు ఆ బజారులో తిరిగాను. వీళ్ళంతా ఇక్కడే ఉంటున్నారని నాకు ఆరోజే తెలిసింది.

"ఏందయ్యా ఆనందం, ఉల్లిపాయలు ఊరికే ఇస్తన్నావా?"

"అది కాదమ్మా" అన్నాడు ఆనందం. నన్ను ఆపబోయి మీట దొరక్క తడుముకున్నాడు. నేను ఇంకో రెండుసార్లు అందర్నీ ఊరికే తీసుకోమన్నాను.

"మరి ఇంకేం ఇస్తన్నావు?"

ఆయన చెమటలు కక్కాడు. నలుగురి ముందూ నోరు విప్పాల్సిరాకూడదనే కదా నాలో దాచింది. ఇప్పుడు బజారంతా గిన్నెలు పట్టుకుని ఆయన నోటివంకే చూస్తోంది. "ఇయ్యి ఉల్లిపాయల మాటలు కాదమ్మా. మా ఆవిడ చెప్పే మాటలు. పొద్దున్నే వచ్చుద్ది గదా, ఆమెయి. ఆమెకి గొంతు పోయింది. నన్ను చెప్పమంది. నాకు చెప్పటం రాదు, అందుకని ఇట్టా అయింది" అన్నాడు.

కొందరు నవ్వారు. చెంబు ఆవిడ విసుక్కుని లోపలికి పోయింది. "పొద్దున్నే పని చెడగొట్టావు" అని ఇంకొకామె. మాస్టారు కిటికీ మూసేశారు. తలుపులు మళ్ళీ ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. ఆనందం తల దించుకుని బండి తోశాడు. మా ఇద్దరికీ పోయిన పరువు ఇంతా అంతా కాదు. నాకంటూ ఉన్నదే తక్కువ.

బజారు చివర ఒక కోడలు గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. పేరు శివపార్వతి అని తర్వాత తెలిసింది. బండి దగ్గరికి రాగానే అడిగింది.

"ఆయమ్మకి గొంతు పోయిందా? అందుకా రావట్లా?"

"అవునమ్మా."

"మా అత్త రోజూ అడుగుతంది. నాంచారమ్మని, లోపల మంచంలో ఉంది. తుంటి విరిగి రెండేళ్ళైంది, కదల్లేదు. నొప్పికి రాత్రంతా నిద్రుండదు. ఆయమ్మ గొంతు వినపడితే తెల్లారిందని లెక్క. 'ఈ రాత్రి కూడా గడిచిందే' అని అప్పుడు కాస్త కన్ను మూస్తది. ఈమధ్య వినపడక పొద్దెక్కిందాకా తెల్లారలేదనే అంటంది. లైటేసి చూపించినా నమ్మదు."

ఆనందం నన్ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు.

"దేవుడి సంగతి మాకు తెలవదులే అన్నా. మా దేవుళ్ళు మాకున్నారు. ఆయమ్మని ఒకసారి లోపలికి రమ్మంటావా? మా అత్త చూస్తానంటంది" అంది శివపార్వతి.

ఆరోజు ఆనందం మామూలు దారిన పోలేదు. బండి తిప్పుకుని ఇంటికి వచ్చేశాడు. గుమ్మంలో కూర్చున్న సలోమికి జరిగిందంతా చెప్పాడు. గిన్నెల సంగతి చెప్పినప్పుడు ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, శబ్దం లేకుండా. మంచంలో ముసలామె సంగతి చెప్పినప్పుడు నవ్వు ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంది. అలవాటుగా నాకోసం చెయ్యి చాపింది. తర్వాత తనకి గొంతు లేదన్న సంగతి గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. మాట లేకుండా ఆ మంచం పక్కకి వెళ్ళి ఏం చేయాలి? ఆమె భయం నాకు తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్ళు మూసిన తలుపులకి చెప్పింది. తెరిచిన తలుపు ముందు నిలబడటం ఆమెకి అలవాటు లేదు.

అయినా మర్నాడు లేచింది. ముసుగు వేసుకుంది. ఆనందం బండితోపాటే నడిచింది. బజారులోకి తిరగబోతూ ఆనందం రెండో మీట మీద వేలు పెట్టి, ఎందుకో ఆలోచించి తీసేశాడు. నన్ను పూర్తిగా ఆపేశాడు. ఆ బజారులో నేను మాట్లాడకుండా నడిచింది అదే మొదలు.

శివపార్వతి తలుపు తీసింది. సలోమి చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు, దగ్గరగా చేరవేశారు. నేను బయట బండి కొక్కేనికి వేలాడుతున్నాను. నేను దూరంగా ఉన్నవాళ్ళకి వినిపించడానికి తయారైనదాన్ని. ఒక మంచానికీ దాని పక్కనున్న స్టూలుకీ మధ్య నాకు పనిలేదు. కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట నిజమే. కొంచెం హాయిగా కూడా ఉంది. ఇన్నేళ్ళలో ఒక పూట విశ్రాంతి నాకూ దొరికింది.

ఎండ పైకి వచ్చింది. ఆనందం ఒకరిద్దరికి ఉల్లిపాయలు తూచాడు, నన్ను ముట్టుకోకుండానే. లోపలినుంచి సలోమి గొంతు రాలేదు, వచ్చే వీలూ లేదు. ముసలామె గొంతు సన్నగా, ఆగి ఆగి, వస్తూనే ఉంది. మాటలు మాత్రం బయటికి తెలియలేదు. ఒకసారి ఆమె ఏడ్చినట్టుంది. ఒకసారి నవ్వినట్టుంది.

చాలాసేపటికి సలోమి బయటికి వచ్చింది. చెప్పులు తొడుక్కుంది. బండి కొయ్య పట్టుకుని, ఆనందం పక్కన నడక మొదలుపెట్టింది. నాలుగు ఇళ్ళు దాటాక ఆయన ఆగలేకపోయాడు.

"ఏం చెప్పావే అంతసేపు? గొంతు లేదు గదా."

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినపడింది.

"నేనేం చెప్పలా. ఆమే చెప్పింది. ఇన్నాళ్ళూ వినేవాళ్ళు లేరంట. రేపు మళ్ళా రమ్మంది."